పెద్దమ్మ సంతకం చేసిన నీళ్లు

మా పెద్దమ్మ మాట మీద మా వీధి మొత్తం నీళ్లు తాగేది. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. నీటి సరఫరా కేంద్రంలో పరీక్షల గది ఆవిడది. ముప్ఫై ఒక్క ఏళ్లపాటు రోజూ ఉదయం ఆరింటికి నాలుగు కుళాయిల నీళ్లు నాలుగు గాజు సీసాల్లో పట్టి, క్లోరిన్ చూసి, మడ్డి చూసి, వాసన చూసి, ఏడింటికల్లా "తాగవచ్చు" అనో "కాచి తాగండి" అనో ఊరికి కబురు చెప్పేది. మొదట్లో నోటీసు బోర్డు మీద, తర్వాత మెయిల్లో. పెళ్లి చేసుకోలేదు. "పొద్దున్నే ఊరంతా నా సీసాల కోసం చూస్తుంటే నాకు తీరికేదీ?" అనేది. వీధిలోవాళ్లు వెనకాల నీళ్లమ్మ అనేవాళ్లు. ఆవిడకి తెలుసు, ఏమీ అనుకునేది కాదు.

ఒకసారి ఎవడో ఆకతాయి ఆవిడ పేరుతో "నీళ్లలో విషం కలిసింది" అని మెయిల్ పెట్టాడు. సగం ఊరు నిండు బకెట్లు తీసుకెళ్లి రోడ్డు మీద గుమ్మరించింది. ఆ తర్వాతే ఆఫీసులోకి డిజిటల్ సంతకం వచ్చింది. బొటనవేలంత టోకెన్ ఒకటి పెద్దమ్మ చేతిలో పెట్టారు. దాన్ని కంప్యూటర్‌కి గుచ్చి, ఆరంకెల పిన్ నంబరు కొడితేనే మెయిల్‌కి సంతకం పడుతుంది. దారిలో ఎవరైనా ఒక్క అక్షరం మార్చినా సంతకం చెడిపోతుంది. అంతా సవ్యంగా ఉంటే అందుకున్నవాళ్ల ఫోన్లో మెయిల్ పక్కన ఆకుపచ్చ టిక్కు కనిపిస్తుంది. ఆ టోకెన్‌తో ఇంకో పని కూడా ఉంది. ఆవిడకి ఎవరైనా తాళం వేసిన మెయిల్ పంపితే అది ఆ టోకెన్ పెడితే తప్ప తెరుచుకోదు. మధ్యలో ఎవరు చూసినా పిచ్చిగీతలే.

ఇదంతా మా అమ్మకి అర్థమయ్యేలా చెప్పింది నేనే. నాది కంప్యూటర్లు బాగుచేసే దుకాణం. ఇలాంటివి విడమరిచి చెప్పడమంటే నాకు మహా సరదా. అమ్మ ఫోన్లో అన్నీ అమర్చిపెట్టి, "టిక్కు ఉంటే కళ్లు మూసుకుని తాగు, లేకపోతే కాచుకో" అన్నాను. ఆ మాట నాదేనని రాయడానికి ఇప్పటికీ చెయ్యి రాదు.

అప్పటికి అమ్మకి మూత్రపిండం మార్చి ఏడాదిన్నర. కొత్తది ఒంట్లో నిలవాలని, రోగాన్ని తట్టుకునే శక్తిని మందులతో తగ్గించి ఉంచారు. నీళ్లతో జాగ్రత్త అని డాక్టరు వెళ్లినప్పుడల్లా హెచ్చరించేవాడు. రోజూ కాచుకోవచ్చు కదా అంటే వినేది కాదు. "అక్క చూసిన నీళ్లు కూడా కాచుకుంటే ఇంక అక్క ఎందుకు?" అనేది. ఆ అక్కాచెల్లెళ్ల మధ్య మనం దూరలేం.

పెద్దమ్మ కంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషన్‌కి నాలుగు రోజులు సెలవు పెట్టక తప్పలేదు. వాళ్ల ఆఫీసులో ఒక రివాజు ఉంది. సెలవు పెట్టేవాళ్లు టోకెన్ అక్కడే వదిలి, నంబరు పక్కవాళ్లకి చెప్పి వెళ్తారు. గుమాస్తా నుంచి ఇంజినీరు దాకా అందరూ అంతే. పెద్దమ్మ ఒక్కతే ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. సెలవే పెట్టలేదు గనక ఆ అవసరమూ రాలేదు.

"మేడం, మీరు లేరని మెయిల్ ఆగితే జనం కంగారుపడతారు. టోకెన్ ఇచ్చి వెళ్లండి. నీళ్లు నేను దగ్గరుండి చూస్తాను," అన్నాడట వాళ్ల సారు.

మెయిల్ ఆగితే ఏమవుతుంది? టిక్కు రాదు, మా అమ్మ నీళ్లు కాచుకుంటుంది, అంతే. కానీ ముప్ఫై ఏళ్లలో ఒక్కరోజు కూడా ఆగని కబురు తన కన్ను వల్ల ఆగడం పెద్దమ్మకి నామోషీ అనిపించింది. ఇచ్చి వచ్చేసింది.

ఆపరేషన్ మర్నాడు ఉదయం మా ఇంట్లోనే ఉంది, ఒక కంటికి కట్టుతో, వంటగది గుమ్మం పక్కన కుర్చీలో. ఏడింటికి అమ్మ ఫోన్ మోగింది.

"అక్కా, నీ మెయిల్ వచ్చింది. టిక్కు కూడా ఉంది."

"నేనిక్కడే ఉన్నాగా."

"ఇక్కడ కూర్చునే అక్కడ సంతకం పెట్టావు. గొప్పదానివే," అని అమ్మ నవ్వింది. మేమందరం నవ్వాం.

"క్లోరిన్ ఎంతట?"

"సున్నా పాయింట్ నాలుగు."

"నిన్న ఆపరేషన్‌కి వెళ్లే ముందు నేను పంపిందీ అంతేగా," అంది పెద్దమ్మ. కుర్చీ అంచుకి జరిగింది. ఏదో అడగబోయినట్టు నోరు తెరిచింది. అంతలో నేను టీ తెచ్చాను. అమ్మ గ్లాసు నింపుకుని మందుబిళ్ల వేసుకుంది.

కంటి చుక్కల వేళకి అలారం పెడదామని పెద్దమ్మ ఫోన్ తీశాను. ఆరుంపావుకి ఒక మెయిల్ వచ్చి ఉంది. పంపు గదిలో పనిచేసే మనిషి పంపాడు. పెద్దమ్మ అతన్ని పంపు తమ్ముడు అనేది. తెరిస్తే పిచ్చిగీతలు, కింద "తాళంచెవి అందుబాటులో లేదు" అని ఒక వాక్యం.

"వాడికి సారంటే ఒళ్లు మంట. మా మెయిళ్లన్నీ సారు చదువుతాడని భయపడి, తిట్టాలనుకున్నప్పుడల్లా నాకు తాళం వేసి పంపుతాడు," అంది పెద్దమ్మ. "ఫోన్ చేసి చూడవే."

చేశాను. రెండుసార్లు మోగి ఆగింది. పంపుల హోరులో వినబడదులే అంది. "సోమవారం వెళ్లాక చూస్తా. నాలుగు రోజుల తిట్లు ఒకేసారి చదువుతా."

రెండో రోజు టిక్కు వచ్చింది. మూడో రోజూ వచ్చింది. మూడు మెయిళ్లలోనూ సున్నా పాయింట్ నాలుగే. మూడో రోజు మధ్యాహ్నానికి నాకు, పెద్దమ్మకి కడుపులో తిప్పి ఊరుకుంది. అమ్మకి ఊరుకోలేదు. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి అక్కడి బల్లల మీద మా వీధివాళ్లే పదిమంది కనిపించారు. పెద్దమ్మ వాళ్లని ఒక కంటితో ఒక్కొక్కరినీ చూసింది. "నన్ను ఆఫీసుకి తీసుకెళ్లు" అంది.

పరీక్షల గదిలో ఎవరూ లేరు. టోకెన్ కంప్యూటర్‌కే గుచ్చి ఉంది. తెర అంచున కాగితం ముక్క మీద ఆరంకెలు, సారు చేతిరాతలో. పెద్దమ్మ వాటివైపు చూడనేలేదు. తిన్నగా సీసాల దగ్గరికి వెళ్లింది. ఆమె బోర్లించి వెళ్లిన నాలుగు సీసాలూ అలాగే బోర్లించి ఉన్నాయి. ఒక్కోదాంట్లో వేలు పెట్టి తడిమింది. అన్నీ పొడిగా ఉన్నాయి.

తర్వాత కూర్చుని టోకెన్‌తో మెయిల్ తెరిచింది. కన్ను నీరు కారుతోంది గనక నన్ను చదవమంది.

"అక్కా, మలుపు దగ్గర మురుగు పైపు పగిలి మన లైన్లో కలుస్తోంది. సారుకి నిన్ననే చెప్పాను. బాగుచేసేదాకా నోరు మూసుకోమన్నాడు. ముందు మీ చెల్లెలు గారికి చెప్పండి, ఆవిడ అసలే మందుల మీద ఉన్నారు. నా పేరు మాత్రం బయటికి రానివ్వకండి."

రెండో రోజుది కూడా ఉంది. "అక్కా, చదివారా? ఇవాళ కూడా టిక్కుతో పోయింది. పంపింది మీరేనా?"

మూడోది లేదు. ఆ మనిషి మా మీద ఆశ వదులుకున్నాడు.

ఆస్పత్రిలో అమ్మకి తెలివి ఉన్న చివరి పూట పెద్దమ్మ పక్కనే ఉంది. తప్పు తనవల్లే జరిగిందని అమ్మ అనుకుంటోంది. తప్పించుకోవడానికి కాదు, అక్క కోప్పడుతుందేమోనని చెప్పుకుంది.

"టిక్కు చూసే తాగానక్కా. చూడకుండా ఒక్కరోజు కూడా తాగలేదు."

"తెలుసమ్మా," అంది పెద్దమ్మ.

తొమ్మిదో రోజు అమ్మ పోయింది. వీధిలో మిగతావాళ్లందరూ కోలుకున్నారు. వాళ్ల మీద నాకు అసూయ కలిగింది, అది దాచుకోను.

నెల తర్వాత విచారణ జరిగింది. పొడవాటి బల్లకి అటు ముగ్గురు, ఇటు పెద్దమ్మ, వెనక కుర్చీలో నేను. సారు అప్పటికే ఒక కాగితం ఇచ్చుకున్నాడు, మెయిళ్ల మీద సంతకం తనది కాదని. అది అబద్ధం కాదు, అందుకే నాకు ఒళ్లు మండిపోయింది. ఆపరేషన్ కాగితాలు నా సంచిలో ఉన్నాయి. ఆ మూడు పొద్దులూ ఆవిడ మా వంటగది గుమ్మం పక్కనే ఉందని నేను ఎక్కడైనా చెబుతాను. వెనక నుంచి ఆవిడ భుజం తట్టాను. ఆవిడ తిరగలేదు.

నడిమి ఆయన మూడు మెయిళ్ల నకళ్లు ముందుకి జరిపాడు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే," అంది పెద్దమ్మ. "మా చెల్లెలు చూసే తాగింది."