జోల్వాలో డెబ్బై అయిదు శాతం నీడ

2021 ఫిబ్రవరిలో నన్ను సూరత్ డివిజన్‌కు వేశారు. ఒక పండ్ల కంపెనీలో సీనియర్ అగ్రానమిస్టుని. మొక్కకు ఎంత నీరు, ఎంత ఎరువు, ఎంత నీడ అన్నది రైతుకు చెప్పి, పండు కంపెనీ కొనే స్థాయికి వచ్చేదాకా చూసుకోవడం నా పని. కరోనా కాబట్టి పొలాలకు వెళ్లకుండా ఫోన్లోనే సలహాలివ్వమన్నారు. అది పద్ధతి కాదని పైకి అన్నాను గానీ, బీపీ, షుగరూ ఉన్నదాన్ని, లోపల హాయిగానే అనిపించింది.

నా రైతుల్లో రాజేశం ఒకరు. సిరిసిల్ల నుంచి వచ్చిన నేత కుటుంబం, సూరత్ పక్కన జోల్వాలో పన్నెండు మగ్గాల షెడ్డు. మొదటి లాక్‌డౌన్‌లో పనివాళ్లు ఊళ్లకు వెళ్లిపోయాక మగ్గాలు మళ్లీ సరిగ్గా నడవలేదు. షెడ్డు వెనక స్థలంలో కుండీల్లో బ్లూబెర్రీ పెట్టి, ఆయనా భార్య సుగుణా దాని మీదే ఆశ పెట్టుకున్నారు. మొదటి పంట నాణ్యత పరీక్షలో తప్పితే కంపెనీ ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. ఆ షరతు ముగ్గురికీ తెలుసు.

బ్లూబెర్రీకి ఎండ కావాలి, కానీ సూరత్ ఎండ మరీ ఎక్కువ. పండు మెత్తబడి ముడుచుకుంటుంది. అందుకే పైన నీడ వల కడతారు. వల మీద రాసిన శాతం అది ఎంత వెలుతురు ఆపుతుందో చెబుతుంది. ముప్పై అయిదు శాతం వల కట్టమన్నాను. వారం తర్వాత కట్టారా అని ఫోన్లో అడిగాను. కట్టామన్నారు. ఆకులు ఇంతింత వెడల్పున, ముదురాకుపచ్చగా ఉన్న ఫొటోలు పంపారు. చూసి మురిసిపోయాను.

ఏప్రిల్ మొదట్లో కాయ నీలం తిరిగిందని కబురొచ్చింది. పరీక్షకు పది రోజులుంది. రెండు మాస్కులు పెట్టుకుని జోల్వా వెళ్లాను. వల కింద అడుగుపెట్టగానే చల్లగా ఉంది. ముప్పై అయిదు శాతం వల కింద అంత చల్లగా ఉండదు. పండు కోసి చూస్తే తొడిమ దగ్గర ఎర్రటి వలయం, అంటే ఇంకా పండలేదు. రిఫ్రాక్టోమీటర్ అని చేతిలో పట్టే పరికరం ఉంటుంది, దాని అద్దం మీద రసం చుక్క వేస్తే తీపి ఎంతో అంకె చూపిస్తుంది. కంపెనీకి పదకొండు కావాలి. ఎనిమిది వచ్చింది. మూడు మొక్కలు మార్చినా అదే.

ఏ వల తెచ్చారని అప్పుడు అడిగాను.

"మీరు ముప్పై అయిదు అన్నరు మేడం. రింగ్ రోడ్డు దుకాణంల డెబ్బై అయిదు గుడ ఉండె. రెండూ వెలుగుకు వట్టి చూసిన. వెలుతురు ఆగితెనే గట్టి నేత గదా, మంచిదే పెడ్దమని గదే తెచ్చిన."

బట్టను అలాగే పట్టి చూసే ఇంట్లో పుట్టిన మనిషి. శాతాన్ని నాణ్యత అంకె అనుకున్నారు. నన్ను మురిపించిన ఆ వెడల్పాటి ఆకులు వెలుతురు చాలక సాగినవి. ఆ ముక్క నేను శిక్షణ తరగతుల్లో చెప్పేదాన్నే.

వల ఒక్కసారిగా తీసేస్తే నీడకు అలవాటుపడ్డ కాయ మాడిపోతుంది. కొత్త వల కొందామంటే దుకాణాలు మూతబడుతున్నాయి. పొద్దున తొమ్మిదిదాకా వల చుట్టిపెట్టి, మళ్లీ కప్పి, సాయంత్రం నాలుగు తర్వాత మళ్లీ తీయమన్నాను. వల తీసి ఉంచే సమయం రోజుకో అరగంట పెంచాలి. నీలం తిరిగినా కోయకూడదు, కోశాక ఈ పండు తీపెక్కదు. భార్యాభర్తలిద్దరే తాళ్లు పట్టుకుని లాగారు. నేను రోజూ వెళ్లాను. దారిలో అంబులెన్సులు కనిపించినప్పుడల్లా భయపడ్డాను, అయినా ఫోన్ మీద నమ్మకం పోయింది.

పరీక్షనాడు అంచు వరసలు పదకొండు దాటాయి. లోపలి వరసలు తొమ్మిదిన్నర దగ్గర ఆగిపోయాయి. సగం పంట తిరస్కరించారు. సుగుణ లోపలికెళ్లి తలుపు వేసుకుంది.

కారణం రాయాల్సింది నేనే. రైతు తప్పయితే ఒప్పందం పోతుంది, సలహాదారు తప్పయితే రైతుకు ఇంకో సీజన్ ఇస్తారు. మొదట 'రైతు తప్పు వల వాడారు' అనే రాశాను. అది అబద్ధమేం కాదు. ఏడాదిలో రిటైరయ్యేదాన్ని, ఫైల్లో మచ్చ ఎందుకనుకున్నాను. సంతకం దగ్గరికొచ్చేసరికి, కట్టారా అని అడిగానే గానీ ఏ వల అని అడగలేదని గుర్తొచ్చింది. ఆ వాక్యం కొట్టేసి 'అగ్రానమిస్టు వల శాతాన్ని స్వయంగా సరిచూడలేదు' అని రాశాను. నా ముప్పై ఏళ్ల సర్వీసులో నా మీద ఉన్న మెమో అదొక్కటే.

రాజేశంకు రెండో సీజన్ వచ్చింది. ఆ ఏడు వల కింద వెలుతురు నేనే వెళ్లి కొలిచాను. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే: చెప్పిన పని చేశారా అని రైతుని అడిగితే చేశామనే అంటారు, అది నిజమే అయివుంటుంది. ఏం చేశారో చూపించమనాలి.