సునీతక్క బ్లాక్ చేసిన ఆర్టికల్ ఇరవై రెండు

పరీక్షకు ఒక్క రోజు ముందు, పాఠం చెప్పే సార్‌ను ఎవరన్నా "దొంగ సచ్చినోడా" అని తిట్టి నంబర్ బ్లాక్ చేస్తరా? మా క్యాబ్‌ల చేసిన్రు! నా ఫోన్‌తోనే, నా కండ్ల ముందరనే. అప్పుడు నేనేం చేస్తున్ననంటరా? నవ్వుతున్న. ఆ నవ్వే నా కొంప ముంచింది, వినండి.

నేను తుర్కపల్లిల ఒక మందుల కంపెనీ ల్యాబ్‌ల పనిచేస్త. మేడ్చల్ నుంచి రోజూ కంపెనీ క్యాబ్. సాయంత్రం కాలేజీల ఎల్ఎల్‌బీ. అంటే పగలంత మందుగోళీలు నీళ్ళల ఎంతసేపట్ల కరుగుతయో చూసుడు, పొద్దుమీకినంక రాజ్యాంగాన్ని బుర్రల కరిగించుకునుడు. గోళీలు కరుగుతున్నయి గానీ రాజ్యాంగం కరగలే. కాన్‌స్టిట్యూషనల్ లా పేపర్ ఒకసారి తన్నింది. ఈసారి గూడ పోతే ఏడాదంత ఉన్న క్లాసులనే ఉండాలె.

అప్పుడు దొరికిండు మూర్తి సార్. రిటైరైన లా లెక్చరర్, కోస్తా దిక్కు ఆయన, కొంపల్లిల ఉంటడు. గుంపుకు చెప్పడు, ఒకసారికి ఒక్కరికే. ఎందుకు సార్ అంటే, మొదటిరోజే నన్ను కిందికీ మీదికీ చూసి, "గుంపులో ఉంటే నువ్వు నవ్విస్తావు, వాళ్ళు నవ్వుతారు, రాజ్యాంగం ఏడుస్తుంది" అన్నడు. నన్ను అంత జల్దీ కనిపెట్టినోళ్ళు ఇంకెవ్వరు లేరు.

సార్ పద్ధతే వేరు. పుస్తకం ముయ్యమంటడు. "ఇప్పుడు నువ్వే కేసు. మాట్లాడు" అంటడు. సమానత్వం హక్కు నాడు నన్ను ఉద్యోగం రాని అభ్యర్థిని చేసిండు, వాక్‌స్వేచ్ఛ నాడు పత్రిక ఎడిటర్‌ను చేసిండు. నాకు ఈ ఆట మస్తు నచ్చింది. ఒక్కోసారి గొంతులు మార్చి జడ్జినీ నేనే, లాయర్‌నూ నేనే అయ్యేదాన్ని. ఇగ ప్రశ్నలైతే ఆగయి. "సార్, మనిషిని కాకుండ ఆయన బర్రెను పట్టుకపోతే ఏ ఆర్టికల్?" "సార్, దొంగకు తాను దొంగనని తెలుసు గదా, మళ్ళ అరెస్టుకు కారణం చెప్పుడేంది?" సార్ విసుక్కోడు, కండ్లు మెరుస్తయి. "చెప్పాలి. ఎందుకు చెప్పాలో వచ్చే ఆదివారం నువ్వే చెప్తావు" అంటడు.

ఒక్క రూల్ మాత్రం గట్టిది. క్లాస్ నడుస్తుంటే ఇంకొకరితో మాట్లాడొద్దు. ఫోన్ల చెప్తుంటే కట్ చెయ్యొద్దు. నాకంటే ముందు ఒకాయన క్లాస్ మధ్యల బిర్యానీ ఆర్డర్ ఇచ్చిండట. బిర్యానీ వచ్చేలోపల ఆయన్ను పంపించేసిండట!

శుక్రవారం పరీక్ష. గురువారం నాటికి ఒక్క పాఠం మిగిలింది, ఆర్టికల్ ఇరవై రెండు, అరెస్టయినోళ్ళ హక్కులు. బతిమాలితే సార్, "పొద్దున నేను వాకింగ్‌లో ఉంటాను, నువ్వు క్యాబ్‌లో ఉంటావు. ఫోన్లోనే కానిద్దాం" అన్నడు.

క్యాబ్‌ల ఈ సంగతి ఎవ్వరికీ తెల్వదు. డ్రైవర్ యాదన్న, రావల్కోల్ ఆయన, నాకు సొంత అన్న లెక్క. నా పక్క సీట్ల సునీతక్క, మా ల్యాబ్‌ల సీనియర్, చర్చిల పాటలు పాడిచ్చేది ఆమెనే. గొంతు అసుమంటిది. ఆమెకు చెప్తే ఆదివారం చర్చిల నా పేరు చదివి అందరితోటి ప్రార్థన చేయిస్తది. తర్వాత నేను ఫెయిలైతే దేవునికి గూడ మాట వస్తది గదా? అందుకే చెప్పలే.

మేడ్చల్ దాటినంక ఇయర్‌ఫోన్ పెట్టుకున్న.

"నేను ఇన్‌స్పెక్టర్‌ని. నిన్ను పట్టుకున్నాను. ఊఁ, మాట్లాడు" అన్నడు సార్.

"సార్, నన్నెందుకు పట్టుకున్నరు?" అన్న నేను.

క్యాబ్‌లోళ్ళకు వినబడేది నా సగమే గదా!

"నేనేం తప్పు చేసిన సార్? కారణం చెప్పరా?"

సునీతక్క మెడ నా దిక్కు తిరిగింది.

"లాయర్‌తోని మాట్లాడాలె సార్..."

"ఎవలే?" అని చేతితోటి అడిగింది అక్క. సార్ రూల్ యాదికొచ్చి నోటి మీద వేలు పెట్టి "ష్‌" అన్న. ఆమె కండ్లు పెద్దగయినయి. అద్దంల చూస్తే యాదన్న కండ్లు గూడ నా మీదనే ఉన్నయి. ఇగ నాకు లోపల పురుగు తొలిచింది. ఇద్దరు ఇంత శ్రద్ధగ వింటుంటే ఊకుంటనా? గొంతు జర వణికిచ్చిన.

"సార్, నేను ల్యాబ్‌ల పనిచేసే పిల్లను సార్... ఫోన్ కట్ చెయ్య సార్, మీరు చెప్పినట్లే ఉంట... ఎవ్వరికీ చెప్పలే సార్, ఒట్టు!"

"నటన బ్రహ్మాండం. ఆర్టికల్ నంబరేదీ?" అన్నడు సార్ చెవుల.

షామీర్‌పేట దాటినంక అసలు ముచ్చట చెప్పి అందర్నీ నవ్విద్దామనుకున్న. కానీ ఎవరికి ఫోన్ చేసినా రింగ్‌కు ముందు ఒక హెచ్చరిక వినిపిచ్చిన్రు గదా, యాదికున్నదా? పోలీసులమని ఫోన్ చేస్తరు, అరెస్టు చేసినమంటరు, కట్ చెయ్యొద్దంటరు, ఎవ్వరికీ చెప్పొద్దంటరు, నమ్మకండి అని. డిజిటల్ అరెస్ట్! సునీతక్కకు అదంత కంఠతా వచ్చు. నా ఒక్కో మాటకు ఆమె మనసుల ఒక్కో టిక్కు పడుతున్నదని నాకేం తెలుసు?

"జామీను ఎట్ల సార్?" అన్ననో లేదో, యాదన్న చెరువు పక్కన బ్రేక్ కొట్టిండు. వెనక సీట్ల నిద్రపోయేటోళ్ళు ఉలిక్కిపడి లేచిన్రు. సునీతక్క నా ఫోన్ గుంజుకొని, ఇయర్‌ఫోన్ పీకి, స్పీకర్ ఆన్ చేసింది.

"ఎవర్రా నువ్వు?"

సార్ ఏమనుకోవాలె? నేనే గొంతు మార్చిన అనుకున్నడు! "నేను ఇన్‌స్పెక్టర్‌ని. నిందితురాలి ఫోన్ లాక్కోడానికి నువ్వెవరు?"

"యాదన్నా, ఇన్నవా? వాడే ఒప్పుకుండు!"

"ఏ స్టేషన్? డ్రెస్ ఏసుకొని వీడియోల కనబడు" అన్నడు యాదన్న ముందు సీట్లకెళ్ళి.

"చాలా మంచి ప్రశ్న!" సార్ మురిసిపోయిండు. "మగగొంతు కూడా భలే పెట్టావే!"

"దొంగ సచ్చినోడా! ఆడపిల్లను ఏడిపిస్తవా? నీకు బిడ్డలు లేరా? పైన ప్రభువు చూస్తుండు!"

అప్పుడు సార్‌కు తేడా కొట్టింది. "అమ్మా, ఆగండి, ఆగండి. నేను లా లెక్చరర్ని..."

"అట్లనే చెప్తరు మీరంత! గిప్పుడే ఇన్‌స్పెక్టర్ అంటివి, గిప్పుడే లెక్చరర్ అయితివా? ఇంకో నిమిషమాగితే కలెక్టర్ అయితవు! ఉండు, నీ నంబర్ పోలీసోళ్ళకిస్త!"

కట్. బ్లాక్.

మరి నువ్వు నోరు తెరవచ్చు గదా అంటరు. ఎట్ల తెరుస్త? ముఖం మోకాళ్ళల పెట్టి, ఊపిరాడకుండ నవ్వుతున్న. భుజాలు ఎగురుతున్నయి, కండ్లెంబడి నీళ్ళు కారుతున్నయి. చూసేటోళ్ళకు అది పక్కా ఏడుపు. సునీతక్క నన్ను దగ్గరికి గుంజుకొని, "ఏడువకు బిడ్డా, గండం గడిచింది" అని అక్కడనే కండ్లు మూసి ప్రార్థన మొదలువెట్టింది. అది విని నవ్వు ఇంకింత ఎక్కువైంది. యాదన్న నీళ్ళ సీసా ఇచ్చిండు. వెనకోళ్ళు వీపు నిమిరిన్రు.

"ఆమెన్" అనే టైంకు నా నవ్వు ఆగింది. రేపు పరీక్ష! పాఠం మధ్యల ఉన్నది! బిర్యానీకే పంపించేసే సార్, దొంగ అన్నంక నన్ను గడప తొక్కనిస్తడా?

"అక్కా... ఆయన మా సారు."

"ఏందీ?"

"నిజంగ సారే. నాకు రాజ్యాంగం చెప్తడు."

యాదన్న వెనకకు తిరిగి, "మరి ఆ జామీనేంది చెల్లె?" అన్నడు.

"సిలబస్ అన్నా."

సునీతక్క నన్ను కొట్టడానికి చెయ్యెత్తి, ఇప్పుడే ప్రార్థన చేసిన చెయ్యి గదా అని దించింది.

బ్లాక్ తీసి ఫోన్ చేస్తే స్విచాఫ్. టీ టైంల చేసిన, స్విచాఫ్. అన్నం తినేటప్పుడు, స్విచాఫ్. ఆ రోజు ల్యాబ్‌ల గోళీల కంటే ముందు నేనే కరిగిపోయిన. సునీతక్క గూడ అన్నం సరిగ తినలే. "పెద్దాయనను పట్టుకొని ఎన్ని మాటలంటి! పా, ఇంటికి పోయి కాళ్ళ మీద పడుదాం" అన్నది. సాయంత్రం అందర్నీ దించినంక యాదన్న ఇంటికి పోకుండ బండి కొంపల్లి దిక్కు తిప్పిండు.

సార్ ఇంటి గ్రిల్‌కు తాళం. లోపల తలుపు మూసి ఉన్నది. బెల్ కొడితే సార్ భార్య గొంతు వినబడ్డది. ఆంటీ నన్నెప్పుడూ చూడలే, మా ఆదివారం క్లాస్ టైంకు ఆమె గుడికి పోతది.

"ఎవరూ?"

"ఆంటీ, నేను మౌనికను. సార్ ఉన్నరా?"

"లేరు."

లోపట సార్ దగ్గిండు.

"పొద్దున ఫోన్ల జరిగింది ఏందంటే ఆంటీ..."

"నాకంతా తెలుసు! ఎవరో ఆడమనిషి ఫోన్ తీసుకుని తిట్టడం, వెనకాల ఒక మగాడు వీడియో పెట్టమనడం, పోలీసులకి నంబరిస్తామని బెదిరించడం! ఇది కొత్త రకం మోసంట. ఆయన ఫోన్ నేనే ఆపించాను. ఇప్పుడు ఇంటికే దిగారా?"

సునీతక్క ముందటికి పోయింది. "అమ్మా, తిట్టింది నేనే. గానీ మోసగత్తెను కాదమ్మా, మంచిదాన్నే, ల్యాబ్‌ల పనిచేస్త..."

"అలాగే చెప్తారు మీరంతా!"

సునీతక్క నా ముఖం చూసింది. నేను యాదన్న ముఖం చూసిన. యాదన్న చెప్పుల దిక్కు చూసిండు.

"ఆంటీ, నేను నిజంగ మౌనికను! సార్‌కు నా గొంతు తెలుసు!"

"ఈ రోజుల్లో గొంతులు కూడా మెషీన్లతో తయారు చేస్తున్నారటమ్మా, పేపర్లో చదివాను!"

ఇగ తలుపు ఎనక నుంచి సార్ మాట్లాడిండు. "ఉండవే, నేను పరీక్షిస్తాను. ఏమ్మాయ్, నువ్వు మౌనికవే అయితే చెప్పు. అరెస్టయిన మనిషిని ఎంతలోపల మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి?"

ఇంత చిన్న ప్రశ్న! రోడ్డు మీద పొయ్యేటోళ్ళను ఆపి అడిగినా చెప్తరు. సునీతక్క మోచేతితో పొడుస్తాంది. పక్కింటోళ్ళు బాల్కనీలకొచ్చి చూస్తున్రు.

"మూ... మూడు నెలలు సార్!"

"తలుపు తియ్యవే. మౌనికే" అన్నడు సార్. "ఇంత తప్పు తయారుచేసే మెషీన్ ఇంకా రాలేదు."

సార్‌కు కోపం ఇసుమంత లేదు, అంత కుతూహలమే. సునీతక్క చేతులు జోడిస్తే, "అవన్నీ తర్వాతమ్మా. అసలు నీకు అనుమానం ఎక్కడ మొదలైంది?" అని కుర్చీ దగ్గరికి జరుపుకున్నడు. ఆంటీ కాఫీలు ఇచ్చింది, గ్రిల్ తాళంచెవి మాత్రం చేతులనే పట్టుకొని కూచున్నది. సార్ పొద్దున జరిగిందాన్నే కేసు చేసి పాఠం చెప్పిండు. కారణం చెప్పాలె, లాయర్‌ను కలవనియ్యాలె, ఇరవై నాలుగు గంటలల్ల మేజిస్ట్రేట్ ముందల నిలబెట్టాలె. మూడు నెలల ముచ్చట ముందుజాగ్రత్త నిర్బంధంల వస్తదట, నేను రెండిటినీ కలిపి ఉప్మా చేసిన.

"మరి ట్రాఫిక్‌ల ఇరుక్కుంటే సార్?" అన్నడు యాదన్న, వృత్తిరీత్యా.

"ప్రయాణానికి పట్టే టైం లెక్కలోకి రాదు!" సార్ కుర్చీల నుంచి లేచినంత పని చేసిండు. "చూశావా మౌనికా, ప్రశ్న అంటే అదీ!"

నేను ఎన్ని ఆదివారాలు బర్రెల గురించి అడిగిన, ఒక్కనాడు ఇట్ల లేవలే.

శుక్రవారం పేపర్‌ల ఆ ప్రశ్న రానే వచ్చింది. రాస్తుంటే సునీతక్క "కలెక్టర్ అయితవు" అన్న మాట యాదికొచ్చి నవ్వాపుకోలేకపోయిన. ఇన్విజిలేటర్ వచ్చి నా బెంచీ కింద, పౌచ్‌ల అంత వెతికిండు. కారణం చెప్పాలె సార్ అందామనుకొని, ఉన్న జర తెలివిని వాడుకొని నోరు మూసుకున్న.

మొన్న రిజల్ట్ వచ్చింది. పాసైన! క్యాబ్‌ల స్వీట్ డబ్బా తెరిచిన. అంత తన ప్రార్థన బలమే అన్నది సునీతక్క. ఫోన్ల సార్, "మీ యాదన్న ప్రశ్న వల్లే నీకు విషయం అర్థమైంది" అన్నడు. ఎనక నుంచి ఆంటీ, "నా కాఫీ తాగాకే కదా బుర్ర పనిచేసింది" అన్నది.

"నేను గూడ జర చదివిన గదా!" అన్న, మనసు నొచ్చుకొని.

యాదన్న లడ్డు నోట్లె ఏసుకొని, అద్దంల నన్ను చూసి అన్నడు: "తొందరేం లేదు చెల్లె. మూడు నెలల్లోపల మేజిస్ట్రేట్ ముందల రుజువు చెయ్."