తుఫానుకు కుడిపక్కన కూర్చున్నాం

తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటుతుందన్న కబురు మాకు మొదట చెప్పింది తెనాలి బాబాయి. ఆ రోజుల్లో చేతిలో సెల్‌ఫోన్ ఉన్న ప్రతివాడూ వాతావరణ నిపుణుడే. మా బాబాయి వాళ్ళందరికీ పెద్ద. "అన్నయ్యా, బాపట్లలో ఒక్క క్షణం ఉండొద్దు!" అన్నాడు. ఫోన్ మ్యాప్‌లో తుఫాను ఒక చుక్క. ఆ చుక్కకు దూరంగా పోతే చాలని నాన్న లెక్క. అమ్మ ఆవకాయ జాడీ, నేను దేవుడి పటాల మూట ఒళ్ళో పెట్టుకుని (ఎవరి ప్రాణం వాళ్ళది) రేపల్లె బస్సెక్కాం. అక్కడ పెంకుటింట్లో మా మేనత్త ఒంటరిగా ఉండేది. బడి ముఖం చూడని నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించింది ఆవిడే.

మేం వెళ్ళేసరికి అత్తయ్య సంచీ భుజాన వేసుకుని తలుపుకు తాళం పెడుతోంది. "ఏంట్రా తమ్ముడూ, చెప్పా పెట్టకుండా? పక్కింటోళ్ళ కారులో తెనాలి పోతున్నా."

"తెనాలి ఎందుకక్కా! తుఫాను బాపట్లకి. ఇటేం రాదు."

"అంతేనంటావా? సరేలే, అన్నాలు కూడా తిని ఉండరు" అంటూ తాళం తీసి ఎసరు పెట్టింది. కారు వెళ్ళిపోయింది.

తుఫానుకు అన్ని పక్కలూ ఒకటి కావని మాకు తర్వాత తెలిసింది. అది సుడి తిరుగుతూ సముద్రం మీంచి పడమటికి వస్తుంటే, కుడిపక్కన తిరిగే గాలికి తుఫాను నడిచే వేగం కూడా తోడవుతుంది. సముద్రాన్ని ఊళ్ళ మీదికి తోసేదీ ఆ పక్కే. ఎడమపక్కన, అంటే బాపట్లకు దక్షిణాన తీరం మీదున్న రామాపురం వైపు, గాలి నేల మీంచి సముద్రంలోకి పోతుంది కనుక కాస్త నయం. బాపట్లకు కుడిపక్క రేపల్లె. మేం టిక్కెట్లు కొనుక్కుని మరీ అక్కడికి చేరాం.

మర్నాడు పెంకులు పిట్టల్లా లేచిపోయాయి. వీధి తలుపు ఊగిపోతుంటే అత్తయ్య వీపు ఆనించి నిలబడింది. "బాపట్లకి కదా అన్నారు!" అని నాన్న గాలి మీద అరిచాడు. "దానికి నీ లెక్క తెలియదురా, వచ్చి తలుపు పట్టుకో!" అంటుండగానే తలుపు ఊడి ఆవిడ కుడి భుజం మీద పడింది.

బాపట్లలో మా వంటింటి రేకు ఒకటి లేచిందంతే. అత్తయ్య చెయ్యి మాత్రం మళ్ళీ పైకి లేవలేదు. పోయేదాకా ఎడమచేత్తోనే హారతి ఇచ్చింది. "స్వామి అలవాటు పడ్డాడులే" అని నవ్వేది. నాన్నను ఒక్క మాట అనలేదు. నాన్నే ఆ హారతి వేళకు పెరట్లోకి వెళ్ళిపోయేవాడు.

ఆ బస్సులో కళ్ళు మూసుకుని "గట్టెక్కించావు తండ్రీ" అని మొక్కుకున్న పిల్ల గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, కళ్ళూ తడుస్తాయి. గట్టెక్కించిన మాట నిజమే, మమ్మల్ని. మీరు దీపం పెట్టుకునేటప్పుడు మా రేపల్లె అత్తయ్యను ఒకసారి తలుచుకోండి. వెళ్ళిపోగలిగి కూడా, మాకు అన్నం వండటానికి ఆగిపోయింది.