శాంతి మేడం వెనక్కి తీసుకున్న రిపోర్టు

భూపాలపల్లిలో నా ల్యాబ్ తలుపు తీయగానే క్రిములను పెంచడానికి ఉడికించే అగార్ వాసన ముఖానికి కొడుతుంది. ఇవాళ పొద్దున ఆ వాసనకు శాంతి మేడం గుర్తొచ్చారు. నర్సింహులపేట దగ్గరి తండా ఆమెది. మహబూబాబాద్‌లో ఒక చిన్న దవాఖాన ల్యాబ్‌ను నడిపేవారు. జనగామలో కోర్సు పూర్తి చేసి, అన్నీ తెలుసన్న ధీమాతో ఆమె దగ్గర చేరాను.

ఒకరోజు ఒక చిన్నపిల్ల కాలి పుండులోంచి చీము తీసిన దూది పుల్ల వచ్చింది. దాన్ని తడిపే, క్రిములు లేని సెలైన్ అయిపోయింది. క్యాన్‌లో వచ్చే ఫిల్టర్ నీళ్లంటే మా వైపు ఎంత నమ్మకమో! బాలింతలకూ అవే తాగిస్తారు. నేనూ అవే వాడాను. ప్లేటు నిండా పసుపుపచ్చని క్రిములు పెరిగాయి. ప్లేటులో పరీక్ష కోసం పెట్టిన ఖరీదైన మందు బిళ్లలను కూడా అవి లెక్కచేయలేదు. ఏదో కనిపెట్టినట్టు రిపోర్టు రాసి పంపాను. అది చూసి డాక్టరు పిల్ల తల్లిని వరంగల్ పెద్ద దవాఖానకు పొమ్మన్నాడు.

మధ్యాహ్నం మేడం ఇంకో రోగి ప్లేటు తెరిచారు. అందులోనూ అదే పసుపు.

“పుల్ల దేంతోని తడిపినవ్?”

“ఫిల్టర్ నీళ్లతోని, మేడం.”

తిట్టినా బాగుండేది. నన్ను వెంటబెట్టుకుని వార్డుకు నడిచారు. తల్లి అప్పటికే బట్టలు మూట కట్టుకుంది.

“సార్, తప్పు మా ల్యాబ్‌ది. చీము మళ్ల తీస్తం, రెండు దినాలు ఆగుండ్రి,” అన్నారు మేడం. డాక్టరు ముఖం మాడ్చుకున్నా, అందాకా పాత మందే నడుపుదామన్నాడు.

“నా బిడ్డ కాలు దక్కుతదా అక్కా?” అంది తల్లి.

“సక్కగ చూసి చెప్తం చెల్లె. తప్పుడు కాయిదం పట్టుకొని మాత్రం తిరగకు.”

ఈసారి మామూలు క్రిమే పెరిగింది, మామూలు మందుకే చచ్చింది. కొన్నాళ్లకు పిల్ల తన కాళ్లతోనే ఇంటికి నడిచి వెళ్లింది.

ఫిల్టర్ నీళ్లను విడిగా ఒక ప్లేటు మీద వేసి చూస్తే మళ్లీ పసుపే. “గిది క్రైసియోబాక్టీరియం. మట్టిల, నీళ్లల బతుకుతది. మందును ముక్కలు చేసే ఎంజైము దీనికి పుట్టుకతోనే ఉంటది,” అన్నారు మేడం. ఆ ఎంజైము పని చేయాలంటే జింకు కావాలట; జింకును పట్టేసే రసాయనం ఒక చుక్క మందు బిళ్ల మీద వేశారు. జింకు దొరకక ఎంజైము చేతులెత్తేసింది. ఆ బిళ్ల చుట్టూ క్రిములు పెరగని శుభ్రమైన వలయం. తప్పు చేసిన సంగతి కూడా మరిచి సంబరపడ్డాను.

ఆమె పొరపాట్లు రాసే రిజిస్టరు ముందుకు తోశారు. “ఆడ నేను ల్యాబ్ తప్పన్న. గీడ నీ పేరు రాయి.” తేదీ వేసి రాశాను.

ఆమె దగ్గర పని నేర్చానని ఎక్కడైనా తలెత్తి చెబుతాను. ఇప్పుడు నా కింద ఎవరు పొరపాటు చేసినా, వాళ్లను వెంటబెట్టుకుని వార్డుకు వెళ్తాను. మంచం దగ్గర మాట్లాడేది మాత్రం నేనే.