క్లచ్ అనుకున్న వాసన

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అంటారు. కాదనను. కానీ అదే ముక్కుతో పాతికేళ్ళుగా వ్యాపారం చేస్తున్నాను. మాది చేనేత కుటుంబం. భవానీపురంలో ఇంటి ముందు గదిలోనే చీరల కొట్టు పెట్టుకున్నాను. కొత్తవాళ్ళెవరైనా చీర తెచ్చి అసలు నూలేనండీ అంటే, అంచు దగ్గర ఒక పోగు లాగి అగ్గిపుల్ల వెలిగిస్తాను. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, పట్టైతే వెంట్రుకలు కాలిన వాసన. మోసమైతే ప్లాస్టిక్ కంపు కొట్టి, పోగు చివర గట్టిగా ఉండ కడుతుంది. ఇంతవరకు ఈ విషయంలో నన్నెవరూ బోల్తా కొట్టించలేదు.

కొట్టుకి ఒక పాత పికప్ బండి ఉంది. దాన్ని నడిపే ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. నేను బాబాయ్ అని పిలుస్తాను. ఆయనకి ఇంకెక్కడా పని దొరికే వయసు కాదు. ఇంట్లో భార్య, కూతురు, మనవరాలు ఆయన జీతం మీదే ఉన్నారు. ఇదంతా నాకు బాగా తెలుసు. తెలిసి కూడా ఆ రోజు నేనన్న మాటలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

అది మొన్న వేసవిలో, పెళ్ళిళ్ళ సీజను. మైలవరంలో ఒక బట్టల దుకాణానికి చీరలు వెయ్యడానికి పొద్దున్నే ఇద్దరం బయల్దేరాం. బండి వెనక నాలుగు మూటలు. ఆ మూటల్లో ఎన్నో నేత కుటుంబాల నెలల కష్టం ఉంది. మూటలు కట్టింది నేనే. నైలాన్ తాడు తెస్తానమ్మా అని బాబాయ్ అన్నాడు, నేను వద్దన్నాను. చీర కోసేశాక మగ్గం మీద మిగిలే పడుగు నూలు కొసల్ని మేము పారెయ్యం, పేని తాళ్ళు చేసుకుంటాం. నైలాన్ తాడు బిగిస్తే బట్ట మీద గీత పడుతుందని నా పట్టుదల. మా అమ్మ అలాగే కట్టేది, నేనూ అలాగే కడతాను.

ఇబ్రహీంపట్నం దాటాక వాసన మొదలైంది.

“బాబాయ్, ఏదో కాలుతోంది.”

“ఎక్కడమ్మా? నాకేం రావట్లేదే. ఆ థర్మల్ స్టేషన్ బూడిద లారీలేమో.”

“బూడిదకి వాసనేంటి? క్లచ్చే ఇది. నువ్వు క్లచ్ మీద నుంచి కాలు తియ్యవు గదా!”

“లేదమ్మా, కాలు కిందే ఉంది. చూడండి.”

చూశాను. కిందే ఉంది. అయినా నమ్మలేదు. నా గొంతు విని ఆయనే బండి పక్కకి తీసి ఆపాడు. నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి పెట్టి వేడి చూశాడు. బానెట్ ఎత్తి వైర్లు ఒక్కొక్కటీ వేళ్ళతో తడిమాడు. క్లచ్ తొక్కి వదులుతూ చెవి ఒగ్గి విన్నాడు. చేత్తో చూశాడు, కళ్ళతో చూశాడు, చెవితో విన్నాడు గానీ ఒక్కసారైనా వంగి వాసన చూడలేదు. కాలింది క్లచ్చేనని ఆయనకి తెలుసనీ, నా ముందు నాటకం ఆడుతున్నాడనీ అనుకున్నాను.

“బానే ఉందమ్మా, పోదాం” అన్నాడు.

బయట గాలికి వాసన తగ్గినట్టే అనిపించింది. బండి కదిలాక మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకా ఎక్కువగా. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఇంత వాసన వస్తుంటే లేదంటావేంటి? నా కళ్ళల్లో దుమ్ము కొడదామనా? బండి పాడు చేసింది చాలక అబద్ధాలొకటి. రేపట్నుంచి నేను ఇంకో డ్రైవర్ని చూసుకుంటాను.”

ఆ మాటల్లో బాబాయ్ అనే పిలుపు కూడా లేదు. ఆయన స్టీరింగ్ పట్టుకుని రోడ్డునే చూస్తూ ఉన్నాడు. తప్పు చేశాడు కాబట్టే నా వంక చూడటం లేదనుకున్నాను.

కొండపల్లి దగ్గర రోడ్డు పక్కనే ఉన్న ఒక మెకానిక్ షెడ్డు ముందు నేనే ఆపించాను. దిగీ దిగగానే, “ఈయన క్లచ్ కాల్చేశాడండీ, కాస్త చూడండి” అని మెకానిక్‌తో గట్టిగా చెప్పాను. అక్కడ టీ తాగుతున్న వాళ్ళంతా తల తిప్పి బాబాయ్ వంక చూశారు.

మెకానిక్ బండెక్కి నాలుగు గజాలు ముందుకీ వెనక్కీ నడిపి దిగాడు.

“క్లచ్ శుభ్రంగా ఉందండి. క్లచ్ కాలితే ముక్కు పగిలిపోయేంత ఘాటు వస్తది. ఇదది కాదు.” బండి చుట్టూ నడుస్తూ వెనక్కి వెళ్ళి ఆగాడు. “ఇక్కడ కాగితాలేమన్నా తగలబడతన్నయ్యా మేడం?”

కాగితాలు అన్న మాట వినగానే నాకు తట్టింది. రోజూ అగ్గిపుల్ల వెలిగించి చూసే వాసన అది. దారి పొడుగునా నా ముక్కులోనే ఉంది. కోపంలో దానికి క్లచ్ అని పేరు పెట్టేసుకున్నాను.

“నూలు! మూటలు!” అని అరిచాను.

నేను కదిలేలోపే బాబాయ్ బండి మీదకి ఎక్కేశాడు. చివరి మూట తాడు కొస ఒకటి వదులై, బండి అడుగు రేకుకి తుప్పు పట్టి పడిన కంతలోంచి కిందికి జారింది. కింద సైలెన్సర్ గొట్టం ఉంది. దానికి తగిలి, కిళ్ళీకొట్టు దగ్గర సిగరెట్లు వెలిగించుకోవడానికి కట్టిన తాడులా, మంట లేకుండా రాజుకుంటూ పైకి వచ్చింది. నిప్పు మూటకి జానెడు దూరంలో ఉంది. పైన చుట్టిన పాత గుడ్డలో కంత మీదున్న మూల గొట్టం వేడికి అప్పటికే గోధుమరంగుకి తిరిగింది. బాబాయ్ ఆ తాడుని ఉత్త చేతుల్తోనే పీకి రోడ్డు మీదకి విసిరాడు. మెకానిక్ బకెట్టుతో నీళ్ళు తెచ్చి తాడు మీదా కంత దగ్గరా పోశాడు. మూట విప్పి చూస్తే చీరలకేం కాలేదు.

“ఏం పెద్దాయనా, ఇంత వాసనొస్తంటే బండి వెనకాల చూసుకోవద్దా?” అన్నాడు మెకానిక్.

బాబాయ్ కాలిన వేళ్ళని బకెట్టులో మిగిలిన నీళ్ళలో ముంచాడు.

“నాకు వాసన తెలవదయ్యా. కరోనా జ్వరం వచ్చిపోయిన కాడ్నించి ఏ వాసనా తెలవదు. తిరిగొస్తదిలే అన్నారు. రాలేదు.” ఎవరితోనూ కాదన్నట్టు చెప్పుకుపోయాడు. “మా మనవరాలు ఆ తర్వాతే పుట్టింది. ఇంట్లో అందరూ ఆ పిల్ల నెత్తిమీద ముక్కు పెట్టి మురిసిపోతంటే నేనూ పెడతా. నాకేం తెలవదు.”

నేను అక్కడున్న బల్ల మీద కూర్చున్నాను.

“మీరన్నది న్యాయమేనమ్మా” అన్నాడు నా వైపు తిరిగి. “వాసన తెలవనోడి చేతిలో బండి పెట్టకూడదు. ఇంకొకర్ని చూసుకోండి. దొరికేదాకా నేనొస్తా.”

దానికీ నాకు కోపమే వచ్చింది. నా కోపానికి వేళాపాళా లేదు.

“ఎవర్నీ చూడను. ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు బాబాయ్? పనిలోంచి తీసేస్తాననేగా?”

ఆయన తల అడ్డంగా ఊపాడు.

“అందుక్కాదమ్మా. ఆ జ్వరం నాకెక్కడ అంటుకుందో మీకు తెలుసుగా. చెబితే, నేను పంపబట్టే గదా అని మీరు కుమిలిపోతారని.”

తెలుసు. కరోనా రెండోసారి వచ్చి అందరూ తలుపులేసుకుని కూర్చున్నప్పుడు, బందరు వైపు మా నేతగాళ్ళ ఇళ్ళల్లో బియ్యం లేవని కబురొచ్చింది. బియ్యం దించి, నేసిన చీరలు తీసుకురమ్మని బాబాయ్‌ని పంపాను. వెళ్ళనా వద్దా అని ఆయన అడగలేదు. తిరిగొచ్చిన మూడో రోజుకి మంచం పట్టాడు. నేను మందులూ పళ్ళూ పంపాను. లేచి తిరుగుతున్నాడని తెలిశాక ఆ సంగతి మర్చిపోయాను. మళ్ళీ ఎప్పుడూ ఎలా ఉందని అడగలేదు.

ఆ బల్ల మీద కూర్చుని ఏడ్చాను. ఎవరు చూస్తే ఏమిటనిపించింది. బాబాయ్ మాత్రం కంగారుపడి, “చూశారా, ఇందుకే చెప్పలేదు” అంటూ మెకానిక్ దగ్గర నైలాన్ తాడు అడిగి తీసుకుని మూటలు మళ్ళీ కట్టాడు.

మైలవరం చేరాం. దుకాణం ముందు సరుకు దించుతున్నప్పుడు అక్కడి వాళ్ళంతా చుట్టూ ఉన్నారు. అందరి ముందూ అవమానించిన దాన్ని, క్షమాపణ కూడా అందరి ముందే చెప్పాలనిపించింది. మూట ఒక పక్క ఆయన, ఒక పక్క నేను పట్టుకుని ఉండగా, “తప్పు నాది బాబాయ్. నన్ను క్షమించు” అన్నాను.

“మూట జారిపోతంది, సరిగా పట్టుకోండమ్మా” అన్నాడు.