నా అంచుకు బావ కొట్టిన నకలు

మా బావ పోయాడని పోయిన నెల ఒక పొద్దున మా అక్క కబురు పంపింది. గద్వాలలో మా వీధి మగ్గాలు ఆ రోజు ఆడలేదు. సంతాపసభలో అందరికన్నా ఎక్కువసేపు మాట్లాడినవాడు ఒక చీరల వ్యాపారి. బతికుండగా బావ అతణ్ణి గడప తొక్కనివ్వలేదు. ఆ సంగతి అక్కడ ఎవరూ చెప్పలేదు కనుక నేను రాస్తున్నాను.

చీర అంచులకు బొమ్మలు గీయడం నా పని. నా గ్రాఫు కాగితం చూసి అట్టలకు బెజ్జాలు కొట్టడం బావ పని. ఆ అట్టలను మగ్గం పైన కడితేనే అంచులో బొమ్మ పడుతుంది. కొడుతున్నంతసేపూ బావ పెదవులు కదులుతుండేవి. మధ్యలో ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. ఒక్క బెజ్జం తప్పితే నెమలికి మెడ విరుగుతుందనేవాడు.

నా నెమళ్ల అంచుకు మంచి గిరాకీ ఉన్న రోజుల్లో వీధి చివర ఒకామె మగ్గం మీద అదే అంచు చూశాను. ఆమె భర్త పక్షవాతంతో మంచాన పడ్డాడు. బావ నాకు చెప్పకుండా రెండో జత అట్టలు కొట్టి ఆమెకు ఊరికే ఇచ్చాడు. ఇది దొంగతనమని చట్టం పుస్తకం తెచ్చి చూపించాను.

"నీ అలమార నిండ జిరాక్సు బుక్కులే గదరా బామ్మర్దీ. రాసినోళ్లను అడిగి తెచ్చుకున్నవా?" అన్నాడు.

అవి ఇప్పుడు అచ్చులో దొరకవని, రాసినవాళ్లు పోయారని, నేను మాత్రం బతికే ఉన్నానని చెప్పాను.

"బతికున్నవ్, ఇంకోటి గీస్తవ్. ఆమె ఏం జేస్తది?"

ఆ తర్వాత ఏళ్ల తరబడి మాటల్లేవు. అట్టలు మాత్రం అతనే కొట్టాలి, అంత శుభ్రంగా కొట్టేవాళ్లు వేరే లేరు. కాగితాలు అక్క చేత పంపేవాణ్ణి.

సంతాపసభలో మాట్లాడిన ఆ వ్యాపారి అదే అంచును మరమగ్గాలకు ఎక్కిస్తానని వస్తే బావ వాకిట్లోనే ఆపాడట. "చేతి మగ్గానికైతే ఇస్త. మిషిన్‌కియ్య. మా బామ్మర్దిని అడుగుపో" అన్నాడట. వ్యాపారి నన్ను అడగలేదు. ఒక చీర కొని, దాన్ని చూసి బొమ్మ తీయించుకున్నాడు. ఇప్పటికీ గద్వాల పేరుతో అమ్ముతున్నాడు. చట్టం ముందు బావా అతనూ ఒకటే కావచ్చు, నా ముందు కాదు. అయినా బావ నన్ను అడగవలసింది. ఆ మాట వెనక్కి తీసుకోను.

చివరి రోజుల్లో దవాఖానకు వెళ్లాను. ఇంకా కోపం ఉందా అని అడిగాడు. ఉందన్నాను.

"ఉండనీ. ఆ వీధి చివరామె బిడ్డకు పని నేర్పిన. వచ్చి అడుగుతది. కాదనకు."

పెద్దకర్మ మర్నాడు ఆ అమ్మాయి వచ్చింది. "తాతా, కొత్త అంచు ఉంటే ఇస్తవా? మా మగ్గానికొక జత, రాజోలిల మా చిన్నమ్మకొక జత కొట్టుకుంట" అంది. ఇన్నేళ్లలో నన్ను అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే. ఎవరికీ చూపకుండా దాచుకున్న చిలకల అంచు తీసి ఇచ్చాను.

అక్క ఇంట్లో బావ పీట మీదే కూర్చుని మొదటి అట్ట కొట్టింది. బెజ్జాలు సరిగ్గా పడ్డాయో లేదో చూసేందుకు కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది. బెజ్జాల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా మా అక్క ఒళ్లో పడింది.