కిష్టయ్య తాత వదిలిన గడి

మా చిన్నప్పుడు గద్వాలలో కంప్యూటర్ ముందు కూర్చోవాలంటే కాళ్లు కడుక్కోవాల్సిందే... ఖలీల్ సార్ సెంటర్ మెట్ల కింద బకెట్, చెంబు ఉండేవి. చెప్పులు అక్కడే వదిలి, తడి కాళ్లు గోనెపట్టా మీద తుడుచుకుని పైకెక్కితే రెండు కంప్యూటర్లు. వాటి మీద సార్ వాళ్లమ్మ కుట్టిన పూల గుడ్డలు.

నాకు తొమ్మిదో తరగతి ముందు ఎండాకాలం సెలవులు. ఒకదాంట్లో డాస్... నల్లటి తెర, ఒక్క అక్షరం తప్పు కొట్టినా ఒప్పుకునేది కాదు. రెండోదాంట్లో విండోస్. అది తెరుచుకునేలోపు కింద హోటల్లో చాయ్ తాగి రావచ్చు. తీరా తెరుచుకున్నాక కరెంటు పోయేది. మళ్లీ మొదటినుంచి. ఇప్పుడు ఏ సిస్టమ్ గొప్పదని జనం కొట్లాడుకుంటుంటే నవ్వొస్తుంది... కరెంటున్నప్పుడు నడిచేదే మాకు గొప్ప సిస్టమ్.

రెండూ కాపీలే. అసలు డిస్కుల్ని మాలో ఎవరూ చూసిన పాపాన పోలేదు. అసలుది ఎంతుంటుంది సార్ అని ఒకరోజు అడిగాను.

"అసలుది కొనాల్నంటే ఒక కంప్యూటర్ అమ్మాలె బేటా. కాపీ చేస్తే ఏమైతది? ఇచ్చినోనిది జర కూడ తగ్గదు గద," అన్నాడు.

ఆ మాట నాకు భలే నచ్చింది.

మాది మగ్గం ఇల్లు. పక్కిల్లు కిష్టయ్య తాతది. చీరల అంచులు గీయడంలో మా వీధిలో తాత తర్వాతే ఎవరైనా... గ్రాఫు కాగితం మీద గడి తర్వాత గడి పెన్సిలుతో నింపేవాడు. ప్రతి అంచులో ఒక్క గడి మాత్రం ఖాళీగా వదిలేవాడు, దిష్టి తగలకుండా. కొత్త అంచు ఏదైనా తన మగ్గం మీద నేసేదాకా ఎవరికీ చూపించడు. ఒకరు గీసింది వాళ్లు నేయకముందే ఇంకొకరు నేయకూడదు. అది మా వీధిలో అందరికీ తెలిసిన మర్యాద.

ఆ ఏడు తాతకు చూపు తగ్గింది. కొత్త అంచు చాలా రోజులు కష్టపడి గీశాడు గానీ, ఆ సన్న గడులు మళ్లీ చూసుకుందామంటే కనిపించడం లేదు. కంప్యూటర్లో ఎక్కిస్తే పెద్దగా కనిపిస్తాయని సార్ చెప్పాడు. తాత ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నువ్వైతే నమ్మకం బిడ్డా. మగ్గమింటి పిల్లవు," అన్నాడు.

పదిహేను రోజులు పట్టింది. మామిడి పిందెలు, వాటి మధ్య చిలుకలు... ఒక్కో గడీ మౌస్‌తో నింపాను. ఆ ఖాళీ గడిని కూడా ఉన్నదున్నట్టు వదిలాను. అంతా అయ్యాక, సార్ నమాజుకు వెళ్లినప్పుడు, నా ఫ్లాపీలోకి కాపీ చేసుకుని ఒక ప్రింటు కూడా తీసుకున్నాను.

ఎందుకంటారా... నాయనకు నా కంప్యూటర్ చదువు ఇష్టం లేదు. "ఎండల తిరుగుడు తప్ప ఏమొచ్చింది నీకు?" అని రోజూ సణిగేవాడు. బడి తెరిచాక సెంటర్ బంద్ అని తేల్చేశాడు. ఆ కాగితం ఆయన చేతికిచ్చి, "నేనే గీసిన నాయనా," అన్నాను.

నాయన దాన్ని వెలుతురులోకి పట్టుకుని చూశాడు. చూస్తూ చూస్తూ ఖాళీ గడి దగ్గర ఆగాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

"సూసినవా, తాత లెక్కనే గడి ఇడిసింది. పెద్దోళ్లను సూసి నేర్సుకున్నది," అని అమ్మను పిలిచి మరీ చూపించాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. నాయన ఆ డిజైన్ ప్రకారం చిల్లుల అట్టలు కొట్టించాడు, మగ్గానికి ఎక్కించాడు. అంచు జానెడు నేయగానే మురిసిపోయి ఎవర్ని పిలుచుకొచ్చాడో తెలుసా... కిష్టయ్య తాతనే.

"మా బిడ్డ కంప్యూటర్ల గీసింది మామా," అన్నాడు.

తాత మగ్గం మీదికి వంగి, మొహం దగ్గరగా పెట్టి, వేలితో తడుముతూ చూశాడు. వేలు ఆ గడి దగ్గర ఆగింది. తలెత్తి నా వైపు చూశాడు. నేను గుంజ చాటుకు జరిగాను.

"గడి ఇడిసినవా బిడ్డా... మంచిది," అన్నాడు. అంతే. కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు సెంటర్లో సార్ నాకోసమే చూస్తున్నాడు.

"పొద్దున తాత ఒచ్చిండు. ఆ అంచు ఇగ నెయ్యడంట, కంప్యూటర్లకెల్లి తీసెయ్యమన్నడు. ఎందుకో తెల్వదు. నువ్వే తీసెయ్ బేటా."

నిజంగా తీసేయాలా అని కంప్యూటర్ అడిగింది. అవునని నొక్కాను.

తాత మళ్లీ అంచు గీయలేదు. గీసే చూపు లేదు. ఆయన ఆఖరి అంచు మా మగ్గం మీద, నా పేరుతో దిగింది. నాయన నన్ను సెంటర్ మాన్పించలేదు. తాత ఉన్నన్నాళ్లూ ఆయన ఎదురుపడితే నేను సందు మార్చి పోయేదాన్ని. ఒక్క మాట చెప్పుకోలేకపోయాను.

ఇప్పుడు నా కంప్యూటర్లో ప్రతిదీ డబ్బు కట్టి కొన్నదే. ఏటేటా తిట్టుకుంటూనే కడతాను. ఊరికే దొరికేదానికి ఎవరైనా కడతారా మేడమ్ అని ఆఫీసులో నవ్వుతారు. నేనేదో నీతిమంతురాలినని వాళ్ల ఉద్దేశం. నాకు మాత్రం సిగ్గుతో ఆ చిలుకల అంచు గుర్తొస్తుంది.

మొన్న గద్వాల వెళ్తే చూశాను... ఒకరి మగ్గం మీది అంచును ఫోన్లో ఫొటో తీసుకుని అప్పటికప్పుడు ఎవరెవరికో పంపేస్తున్నారు. గడి వదిలేవాళ్లు లేరు, ఇది ఎవరిదని అడిగేవాళ్లూ లేరు.

మీరూ ఎప్పుడైనా ఇంకొకరిది మీదని చెప్పుకున్నారా? ఉంటే కింద రాయండి... నాకు కాస్త తోడుగా ఉంటుంది.

నాయన ఇప్పటికీ ఏ పెళ్లికెళ్లినా నన్ను పక్కన నిలబెట్టుకుని, "తొమ్మిదో తరగతికి పోకముందే కంప్యూటర్ల అంచు గీసింది," అని చెప్తాడు. ఈమధ్య ఫోన్ కొనుక్కున్నాడు. నా పోస్టులు ఒక్కటీ వదలకుండా చదువుతాడు. ఎదురుగా చెప్పే ధైర్యం లేకనే ఇదంతా ఇక్కడ రాశాను.

నాయనా... ఆ అంచు కిష్టయ్య తాతది.